కొండవీటి దారిలో రాక్స్‌బరో బొమ్మలు

చిలకలూరిపేట నుంచి గుంటూరు వచ్చే దారిలో రెండు పక్కలా కనిపించే పచ్చదనంలో ఈ మట్టికి పుట్టింది చాలా తక్కువ. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి వచ్చింది. నల్లరేగడిలో ఇప్పుడు వేస్తున్న పత్తి కూడా అమెరికా జాతిదే. మన దేశవాళీ పత్తి చేలల్లోంచి తప్పుకుని చాలా కాలమైంది. ప్రకాశం జిల్లా రైతుకు డబ్బు ముఖం చూపించిన పొగాకూ అమెరికాదే. గట్ల మీద, కాలువల వెంట ఎవరూ నాటకుండానే కమ్ముకున్న సర్కారు తుమ్మ కూడా అక్కడి నుంచి దిగిందే. ఈ నేలకు సొంతమైన చెట్టూ చేమా చూడాలంటే చేలు దాటి కొండ ఎక్కాలి. నాగలి ఎక్కలేని చోట అవి మిగిలాయి. కొండవీడు, కోటప్పకొండ, వినుకొండ, ఇంకా పడమరగా పోతే నల్లమల అంచులు, అన్నీ అలాంటి చోట్లే.

ఎక్కాక ఏది ఏ చెట్టో ఎవరు చెప్పాలి? మేకల కాపరులు చెబుతారు. బీడీ ఆకు కోసే ఆడవాళ్లు చెబుతారు. వాళ్లు ఆకు తెంపి, నలిపి, వాసన చూసి చెప్పే తీరు చూడముచ్చటగా ఉంటుంది. వాళ్లు పక్కన లేని రోజున నాకు తోడు వచ్చేది 1795లో లండన్‌లో అచ్చు మొదలైన ఒక పుస్తకం, విలియం రాక్స్‌బరో రాసిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. మూడు సంపుటాలు, సంపుటానికి వంద చొప్పున 300 బొమ్మలు, ఒక్కో బొమ్మకూ వివరణ. 1795లో మొదలైన అచ్చు 1820 దాకా విడతలు విడతలుగా సాగింది. అసలు పుస్తకం దాదాపు రెండడుగుల నిలువు ఉంటుంది కనుక ఎవరూ కొండ మీదికి మోసుకుపోలేరు. దాని డిజిటల్ ప్రతి మాత్రం ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో పెట్టుకుని నడవవచ్చు. తెలుగు నేల మీద పుట్టి, తెలుగువాళ్లు చూపించిన చెట్ల గురించి, ఎక్కువ భాగం ఇక్కడే తయారైన ఈ గ్రంథం గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ. ఇందులో పనితనం ఎక్కడుందో, కొండదారిలో అది ఎలా అక్కరకొస్తుందో చెప్పాలనే ఈ వ్యాసం.

రాక్స్‌బరో 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రం చదివాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరాడు. 1781లో సామర్లకోటకు బదిలీ అయ్యాడు. అసలు పని అక్కడ మొదలైంది. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, ఇంకా ఎన్నో పెంచి చూశాడు. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ అనే డాక్టరు అప్పటికే ఈ తీరమంతా మొక్కలు వెతుకుతూ తిరుగుతున్నాడు. ఆయన 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాక, ఆ పనికి కంపెనీ ముందు ప్యాట్రిక్ రసెల్‌ను, తర్వాత 1789లో రాక్స్‌బరోను పెట్టుకుంది. 1793లో కలకత్తా తోట బాధ్యత ఇచ్చి అక్కడికి పంపింది. అంటే ఆయన తెలుగు సర్కారు జిల్లాల్లో గడిపిన కాలం పన్నెండేళ్లు. ఆ కాలంలోనే, 1788లో, గుంటూరు సర్కారు కూడా కంపెనీ చేతికి వచ్చింది. పుస్తకంలో చాలా చెట్లకు ఆయన రాసిన నివాసం ‘సర్కారు కొండలు’ అన్నదే. తూర్పు కనుమల వెంట ఆ పొడి అడవి అక్కడి నుంచి ఇక్కడిదాకా పరుచుకుని ఉంది కాబట్టి, అక్కడ గీసిన బొమ్మ ఇక్కడి చెట్టుకూ సరిపోతుంది.

పుస్తకం తెరవగానే మొదటి బొమ్మ తణుకు చెట్టుది. కొన్ని ఊళ్లలో కుమ్మర పొనికి అంటారు. ఎండాకాలం ఆకంతా రాల్చేసి, కొమ్మల చివర కాయలు మాత్రం పట్టుకుని నిలబడుతుంది. కాయ తల మీద రెండు పొడుగాటి రెక్కలుంటాయి. గాలికి తెగిందంటే గిరగిరా తిరుగుతూ తల్లిచెట్టుకు దూరంగా పోయి పడుతుంది. ఈ చెట్టును గీయడంలో ఒక చిక్కు ఉంది. ఆకులున్న రోజుల్లో పూలుండవు, కాయలున్న రోజుల్లో ఆకులుండవు. ఒకేసారి చూసి గీస్తే ఏదో ఒకటి పోతుంది. అందుకని వేర్వేరు నెలల్లో చూసినవన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చారు. ఏ రోజూ అలా కనిపించని చెట్టు అది, అయినా ఏడాది పొడుగునా ఎప్పుడు చూసినా దాన్ని ఆ బొమ్మతో పోల్చుకోవచ్చు. ఫోటో ఒక్క రోజుదే. ఈ బొమ్మలో చెట్టు బతుకంతా ఉంది. దీని కర్ర తేలిక కాబట్టి తెప్పలు కట్టడానికి వాడతారని రాక్స్‌బరో రాశాడు.

పొనికి అనగానే కొండపల్లి బొమ్మలు గుర్తొస్తాయి. ఆ బొమ్మలు చెక్కే తెల్ల పొనికి ఇది కాదు, వేరే కుటుంబం చెట్టు. రెండూ తేలిక కర్రే, రెండూ రాళ్ల సందుల్లో పెరిగేవే, రెండింటి ఆకులూ వెడల్పే. తేడా తెలియాలంటే ఆకు తిప్పి చూడాలి. తెల్ల పొనికి ఆకు వెనక తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. ఇక కాయకు రెక్కలుంటే తణుకే, సందేహం అక్కర్లేదు. ఈ ‘తిప్పి చూడటం’ అన్నది రాక్స్‌బరో బొమ్మల్లో ఒక నియమంలా కనిపిస్తుంది. చాలా బొమ్మల్లో ఒక ఆకునైనా వెనక్కి మడిచి గీస్తారు. చూడటానికి అందంగానే ఉంటుంది గానీ అందం కోసం పెట్టింది కాదు. ఆకు అడుగున ఈనెలు ఎలా లేచి ఉన్నాయి, నూగు ఉందా లేదా, రంగు పాలిపోయిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ మడతలోనే దొరుకుతుంది.

బొమ్మలు ఎలా తయారయ్యాయో కాస్త చెప్పాలి. రాక్స్‌బరో తన దగ్గర స్థానిక చిత్రకారులను పెట్టుకున్నాడు. కొత్తగా తెంపిన కొమ్మ ముందు పెట్టుకుని, వాడిపోయేలోగా నీటిరంగులతో నిజపు కొలతలో వేసేవారు. పువ్వును, కాయను రాక్స్‌బరో కోసి భాగాలు విడదీసి చూపించేవాడు. వాటిని కాగితం అడుగున వరసగా, ఒక్కోసారి పెద్దవి చేసి వేసేవారు. పూర్తయిన బొమ్మలను, వివరణలను లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు పంపితే, వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలోంచి ఎంపిక చేశాడు. మెకంజీ అనే శిల్పి రాగిరేకుల మీద చెక్కాడు. ముద్రణ అయ్యాక కొన్ని ప్రతులకు చేత్తో రంగులద్దారు. చెక్కినవాడి పేరు చరిత్రకు తెలుసు. గీసినవాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కడా లేవు. కలకత్తాకు వెళ్లాక కూడా రాక్స్‌బరో బొమ్మలు వేయిస్తూనే పోయాడు. మొత్తం రెండున్నర వేలు దాటిన ఆ బొమ్మల సెట్లు ఇప్పటికీ కలకత్తాలోను, లండన్‌లోని క్యూ తోటలోను ఉన్నాయి.

ఆ పేరులేని చేతి పనితనం చూడాలంటే మొదటి సంపుటంలో 4, 5 అంకెల బొమ్మలు పక్కపక్కన పెట్టుకోవాలి. నాలుగోది ముషిడి, అయిదోది చిల్ల. (ఇప్పుడు చాలాచోట్ల చిల్లకంప అంటున్న సర్కారు తుమ్మకూ దీనికీ సంబంధం లేదు. ఈ చిల్లను ఇందుగ అని కూడా అంటారు.) రెండూ ఒకే కుటుంబంలో అక్కచెల్లెళ్లు. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా వస్తాయి. రెండింటిలోనూ ఆకు మొదట్లోంచే మూడో అయిదో ఈనెలు బయల్దేరి చివరికంటా పోతాయి. ఈ ఒక్క లక్షణం పట్టుకుంటే అడవిలో సగం చెట్లు పక్కకు తప్పుకుంటాయి, ఎందుకంటే మామూలుగా ఆకుకు నడి ఈనె ఒకటుండి దానికి అటూ ఇటూ కొమ్మ ఈనెలు చీలతాయి. చిత్రకారుడు ఆ ఈనెలను ఎంత జాగ్రత్తగా పట్టాడంటే, ఎక్కడ మొదలైందో అక్కడే మొదలుపెట్టాడు, అంచు దగ్గర ఎలా వంగిందో అలాగే వంచాడు. అక్కడ కుంచె కొంచెం జారినా ఆ బొమ్మ ఇంకో చెట్టుదైపోయేది.

ఇంత దగ్గరి పోలికలున్న ఈ రెండింటిలో ఒకటి విషం, ఇంకొకటి మంచినీళ్లకు మందు. ముషిడి కాయ పండితే నారింజ రంగులో బంతిలా ఉంటుంది. కోస్తే గుజ్జులో గుండీల్లాంటి చదును గింజలు కొన్ని ఉంటాయి. ఆ గింజల్లో ఉండేది స్ట్రిక్‌నిన్. చిల్ల కాయ చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల గుండ్రటి గింజ సాధారణంగా ఒక్కటే ఉంటుంది. పై నుంచి ఆకు చూసి తేల్చుకోలేని మనిషికి ఈ కోసిన కాయ బొమ్మ ప్రాణం కాపాడే సమాచారం. రెండు చెట్లనూ వెంటవెంట అంకెల్లో పెట్టడం కూడా తెలిసి చేసిన పనే అని నా నమ్మకం.

చిల్లగింజ గురించి రాక్స్‌బరో రాసిన వాక్యాలు నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టం. బురదనీళ్లు తేర్చడానికి గింజను ఎలా వాడతారో ఆయన దగ్గరుండి చూసి రాశాడు. నీళ్లు పోసే మట్టికుండ లోపలి గోడకు గింజను ఒకటి రెండు నిమిషాలు బాగా రుద్దుతారు, తర్వాత నీళ్లను కదపకుండా ఉంచుతారు, కొద్దిసేపటికి మట్టి అడుక్కు దిగి నీళ్లు తేటపడతాయి. కుండకు నునుపు పూత ఉండకూడదన్న సంగతి కూడా వదల్లేదు. గరుకుగా ఉంటేనే గింజ అరుగుతుంది కాబట్టి ఆ వివరం ముఖ్యం. ఎంతసేపు రుద్దాలి, దేనికి రుద్దాలి, కుండ ఎలాంటిది అని మూడు మాటల్లో చెప్పి ఊరుకున్నాడు. చదివిన వాడు ఇంటికి పోయి చేసి చూసుకోవచ్చు. వర్ణించే పనికి ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు.

మొక్క వివరణల్లో కూడా ఇదే క్రమశిక్షణ. ముందు మొదలు, బెరడు, తర్వాత ఆకు, ఆకు మొదట్లో ఉండే చిన్న రేకలు, పూగుత్తి, రక్షకపత్రాలు, ఆకర్షకపత్రాలు, కేసరాలు, అండాశయం, కాయ, గింజ. వరస మారదు. ఆ తర్వాతే ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, జనం దేనికి వాడతారు అన్నవి. పైన ‘తెలింగులు’ ఏమంటారో ఆ పేరు. ఈ వరసను కొండ ఎక్కేవాళ్లు అలవాటు చేసుకోవాలని గట్టిగా చెబుతాను. మనం చెట్టును చూడగానే పువ్వు దగ్గరికి పోతాం. పువ్వు ఏడాదిలో పది పదిహేను రోజులు. బెరడు, ఆకు అమరిక చాలాకాలం ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? ఒంటి ఆకా, ఈనె మీద వరసగా పేర్చిన చిన్నాకులా? తెంపితే పాలు కారుతున్నాయా? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే పువ్వు లేకుండానే సగం దూరం పోవచ్చు.

కొండవీటి మెట్ల దారి మొదట్లో ఎండాకాలం చివర ఎక్కితే ఈ ప్రశ్నలకు పని బాగా దొరుకుతుంది. రేల పసుపు గుత్తులు వేలాడదీసి ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. తంగేడుకు పరిచయం అక్కర్లేదు. బందారు ఆకు జిగురుగా మెరుస్తుంది, కాయకు కాగితం లాంటి రెక్కలుంటాయి. వీటిని దాటాక బిల్లుడు వస్తుంది. అక్కడ ఆగాలి.

బిల్లుడు ఆకు ఈనె మీద చిన్నాకులు పేర్చినట్లుంటుంది. ఒక్కో చిన్నాకు మొదట్లో ఒక పక్క తగ్గి, ఒక పక్క పెరిగి ఒంటిపెట్టుగా ఉంటుంది. ఆకును సూర్యుడి వైపు ఎత్తిపట్టి చూస్తే ఒళ్లంతా సూదిమొన తేలినట్లు వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నలిపితే ఘాటు వాసన. నిమ్మ, నారింజ, వెలగ, కరివేపాకు ఆకుల్లో కూడా ఇవే చుక్కలుంటాయి. ఇప్పుడు శాస్త్రజ్ఞులు బిల్లుడును ఆ నిమ్మ కుటుంబంలోనే ఉంచారు. రాక్స్‌బరో మాత్రం దీన్ని మహాగని వర్గంలో పెట్టాడు. మనవాళ్లు సోమిడ అనే ఇంకో చెట్టునూ అదే వర్గంలో పెట్టాడు. రెండింటి కాయా పండాక పగిలి రెక్కల గింజలు వదులుతుంది. ఆ పోలిక ఆయన్ను అటు లాగింది. సోమిడ నిజంగానే మహాగని కుటుంబందే. దాని కాయ అయిదు చెక్కలుగా విడిపోతుంది, బిల్లుడు కాయ మూడు చెక్కలుగా. వర్గం తప్పింది గానీ ఆయన రాసిన వివరణ, వేయించిన బొమ్మ మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తర్వాతి తరాలవాళ్లు బిల్లుడును మరో కుటుంబంలోకి మార్చగలిగారంటే చెట్టును అంత నిజాయితీగా నమోదు చేసి ఉంచినందువల్లనే. అభిప్రాయాన్నీ, చూసినదాన్నీ కలిపేయని రాత ఇది. వృక్షశాస్త్రంలోనే కాదు, ఏ రంగంలోనైనా అరుదు.

సోమిడ బెరడు మహా చేదు. చలిజ్వరానికి సింకోనా బెరడు బదులు ఇది పనికొస్తుందేమోనని రాక్స్‌బరో ఆశపడి, ప్రత్యేకంగా దాని మీద రాశాడు. జ్వరం పోగొట్టేదన్న అర్థంలోనే పేరు పెట్టాడు. ఆ ఆశ ఫలించలేదు. తెలుగు పేరు మాత్రం నిలిచింది. తర్వాత ఏర్పడిన ప్రజాతికి ‘సోయ్‌మిడ’ అనే పేరు పెట్టారు. దాన్ని వాడే ప్రతి వృక్షశాస్త్రజ్ఞుడూ ఆ మాట పలుకుతున్నాడు.

రాళ్లు ఎక్కువైన చోట తపసి చెట్టు. దీన్ని చూపించడానికి పుస్తకం అవసరం లేదనిపిస్తుంది. నున్నటి తెల్లటి బెరడు కాగితంలా ఊడుతూ, వేసవిలో ఆకు లేకుండా బండల మధ్య నిలబడితే దూరం నుంచే తెలుస్తుంది. గాటు పెడితే కారే జిగురుకు ఇప్పటికీ మంచి వ్యాపారం ఉంది. అయినా రాక్స్‌బరో బొమ్మ చూశాక నాకు కొత్తగా కనిపించింది దాని కాయ. అయిదు తొనలు నక్షత్రంలా విచ్చుకుంటాయి, తొనల మీద గుచ్చుకుని మంట పుట్టించే ముళ్లనూగు ఉంటుంది. ఆయన ఆ చెట్టుకు పెట్టిన లాటిన్ పేరులో ఆ మంట ఉంది. చిత్రకారుడు ఆ నూగును ఒక్కో వెంట్రుక చొప్పున కుంచె మొనతో లాగాడు. పక్కనే అచ్చం ఇలాగే మోడుగా ఉండే కొండగోగు ఉంటుంది. దాని పువ్వు అరచేయంత, పచ్చటి పసుపు. కాయలో దూది. అందుకే దాని పాత లాటిన్ పేరులో పత్తి ఉంది.

ఇక పొదల్లో బలుసు. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మనవాళ్లు అనేది దీన్ని గురించే. ముళ్లు ఎదురెదురుగా, ఆకులకు పైనే ఉంటాయి, పూలు చిన్నవి, నాలుగు రేకులు. పండు పసుపు, తినవచ్చు. ఇలాంటి పేదవాడి మొక్కల దగ్గర రాక్స్‌బరో కలం మెల్లగా నడుస్తుంది. ఆయన సామర్లకోటలో ఉన్న కాలంలోనే 1789 నుంచి 1792 వరకు ఈ జిల్లాలను ఘోరమైన కరువు పీడించింది. జనం ఏ ఆకు తిని బతికారో, ఏ దుంప తవ్వుకున్నారో ఆయన కళ్ల ముందే జరిగింది. బహుశా అందువల్లే కావచ్చు, ఫలానా మొక్క తింటారా, పచ్చిగానా వండుకునా, రుచి ఎలా ఉంటుంది అన్నవి పుస్తకం పొడుగునా తగులుతాయి. కుందేటి కొమ్ములు అనే చిన్న మొక్క సంగతి చూడండి. ఆకుల్లేని నాలుగు పలకల కండకాడలు, చివర్లో వేలాడే చిన్న పూలు. బండల పక్కన గడ్డిలో కలిసిపోయి కాలు తగిలితే గాని తెలియదు. దాని కాడలు పచ్చివే తింటారనీ, చేదుగా ఉప్పుగా ఉంటాయనీ రాశాడు. తెలింగుల పేరుగా ‘కారల్లం’ అని నమోదు చేశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసుకుని ‘కారల్లుమ’ అనే ప్రజాతి ఏర్పాటు చేశాడు. ఇప్పుడు ఆఫ్రికా, అరేబియాల్లో పెరిగే దాని బంధువులను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు.

రాక్స్‌బరో బొమ్మల్లోని మొక్కలన్నీ కొండమీదివే కావు. మచిలీపట్నం అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరు మూడో బొమ్మగా ఉంది, అది ఇసుక నేలల మొక్క. అద్దకం పనిని గురించి అక్కడ ఆయన పేజీలకు పేజీలు రాశాడు. మోదుగ, టేకు, నల్లజీడి, తునికి కూడా మొదటి సంపుటంలోనే ఉన్నాయి. రెండోదానిలో వేగిస, మూడోదానిలో నారేపి ఉన్నాయి. వాటన్నిటి మీదా రాస్తూ పోతే ఇది వ్యాసంగా మిగలదు.

సీతాఫలం మాట మాత్రం చెప్పాలి. కొండవీటి సీతాఫలం అంటే గుంటూరు బజారులో ప్రత్యేకమైన గిరాకీ. కార్తీకం దగ్గరపడితే కొండ దిగే బుట్టలన్నీ అవే. అది కూడా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిందే. స్థానిక మొక్కల పట్టీ రాసే వాళ్లు దాన్ని కొట్టివేయక తప్పదు. కొండ మీద దాన్ని కొట్టేయమని మాత్రం నేను అనను. వందల ఏళ్లుగా ఉంది, పక్కవాటిని బతకనిస్తోంది, ఊరికి అన్నం పెడుతోంది. లాంటానా సంగతి వేరు. ఆ గరుకాకుల, రంగురంగుల పూల పొద పాకిన చోట బలుసు మొలక లేవదు, గడ్డి పెరగదు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో అలంకారం కోసం కలకత్తా తోటకు అది వచ్చిందంటారు. అప్పుడు ఆ తోట అధికారి రాక్స్‌బరోయే. ఆయన ఏ మొక్కలను అంత ప్రేమగా గీయించాడో, వాటి చోటును కబళించేదానికి ఆ రోజుల్లో అదే తోట తలుపు తీసింది. ఇది మనసుకు కష్టంగా ఉంటుంది, కానీ దాచిపెట్టాల్సిన సంగతి కాదు. కొండదారిలో స్థానిక మొక్కలు నేర్చుకోవడం ఎందుకని ఎవరైనా అడిగితే లాంటానా పొద దగ్గర నిలబెట్టి చూపిస్తాను. ఏది పోతున్నదో పేరు తెలియకపోతే పోయిందని కూడా తెలియదు.

బొమ్మలతో అన్నీ తేలవు. 300 బొమ్మల్లో లేని మొక్కలు కొండ మీద ఎన్నో రెట్లు. వాటికి వేరే రకం పనితనం కావాలి. జేమ్స్ సైక్స్ గాంబుల్ అనే అటవీ అధికారి పదవీ విరమణ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలన్నిటికీ ఒక గ్రంథం మొదలుపెట్టాడు. 1915లో మొదటి భాగం వచ్చింది. 1925లో ఆయన చనిపోతే ఫిషర్ అనే ఇంకొకాయన పూర్తిచేశాడు, ఆఖరి భాగం 1936లో. అందులో ఒక్క బొమ్మా లేదు. ఉన్నదంతా రెండేసి ప్రశ్నల నిచ్చెన. ఆకులు ఎదురెదురా, కాదా? ఎదురెదురైతే ఫలానా అంకెకు పో. ఈనెలు మొదట్లోంచా, నడి ఈనె నుంచా? ఇలా మెట్టు మెట్టుగా దిగితే ఒక్క పేరు దగ్గర ఆగుతాం. ప్రతి మెట్టు దగ్గరా తేడా చూపే లక్షణం ఒక్కటే ఎంచుకోవాలి, అది చేతిలో ఉన్న కొమ్మలో కనిపించేదై ఉండాలి. రాయడానికి ఎంత కష్టమో వాడిన వాళ్లకే తెలుస్తుంది. మన రోజుల్లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన టి. పుల్లయ్య, ఆయన సహచరులు జిల్లా జిల్లాకూ ఇలాంటి గ్రంథాలు తెచ్చారు. గుంటూరు జిల్లాది 2000లో వెలువడింది. పువ్వు చేతికి దొరికిన రోజున ఆ పుస్తకమే తీయాలి. ఆకు మాత్రమే దొరికితే రాక్స్‌బరో బొమ్మల దగ్గరికి రావాలి.

చిత్రకారుల సంగతి మళ్లీ ఎత్తక తప్పదు. రాక్స్‌బరో దగ్గర గీసినవాళ్ల పేర్లు పోయాయన్నాను. తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ అనే ఇంకో స్కాట్లండ్ వైద్యుడు దక్షిణదేశపు మొక్కల మీద అంత పెద్ద పనే చేశాడు. 1838 నుంచి 1853 వరకు మద్రాసులో అచ్చయిన ఆయన ‘ఐకోనెస్’లో రెండు వేలకు పైగా బొమ్మలున్నాయి. వాటిని వేసినవాళ్లలో రంగయ్య, గోవిందు అనే ఇద్దరి పేర్లు మిగిలాయి, ఎందుకంటే వైట్ ఆ పేర్లను అచ్చులో పెట్టాడు. ఇద్దరూ తంజావూరు చిత్రకళ నుంచి వచ్చిన తెలుగువాళ్లు. గోవిందు మీద గౌరవంతో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. ఎడిన్‌బరో వృక్షోద్యానంలో పనిచేసిన హెన్రీ నోల్టీ ఈ ఇద్దరి మీద ఏళ్ల తరబడి పరిశోధించి, 2007లో వాళ్ల బొమ్మలతో పుస్తకమే తెచ్చాడు. అదే వైట్ 1842 నుంచి కోయంబత్తూరులో కంపెనీ తరఫున అమెరికా పత్తిని ఈ నేలకు అలవాటు చేసే పొలాలు నడిపాడు. ఉదయం అమెరికా పత్తి మొలకలు లెక్కపెట్టుకున్న మనిషే సాయంత్రం గోవిందు గీసిన దేశవాళీ పువ్వులో కేసరాలు సరిచూసుకుని ఉంటాడు.

గోవిందు పేరుతో పెట్టిన ఆ ప్రజాతి ఇప్పుడు నిలవలేదు. ఆ మొక్క అంతకుముందే పేరు పొందిన ‘ట్రోపిడియా’లోకి చేరింది. నామకరణ నియమాల ప్రకారం పాత పేరుదే హక్కు. రంగయ్య, గోవిందుల అసలు బొమ్మలు ఎడిన్‌బరోలో భద్రంగా ఉన్నాయి. సామర్లకోట చిత్రకారుల బొమ్మలు క్యూలో, కలకత్తాలో ఉన్నాయి. గుంటూరులోనో ఒంగోలులోనో వాటి మంచి అచ్చు ప్రతులు ఒక గోడ మీద పెట్టి, కింద తెలుగు పేర్లు రాసి, బడిపిల్లలను అక్కడి నుంచి కొండవీటి దారికి తీసుకుపోయే ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. బొమ్మల మీద హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. తణుకు, చిల్ల, బిల్లుడు, తపసి, బలుసు, ఈ అయిదింటితో మొదలుపెట్టినా చాలు.